నిమ్మకాయలు తీసేసిన తర్వాత

మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను డబ్బాకు మూత పెట్టి లేచిపోయేదాన్ని. భయపడి కాదు, చిరాకేసి. చెప్పేవాళ్లెవరూ స్వయంగా చూసినవాళ్లు కారు. వాళ్ల బావమరిది చూసి ఉంటాడు, లేదా బావమరిది స్నేహితుడు చూసి ఉంటాడు. ఎన్నింటికి చూశాడు, ఎంత దూరం నుంచి చూశాడు, వెలుతురు ఎటు నుంచి పడుతోంది అని అడిగితే మొహం మాడ్చుకుంటారు.

నాకు అలా అడగడం అలవాటు. నేను రోడ్ల సర్వేలు చేసే మనిషిని. కూడళ్లలో ఏ బండి ఎటు తిరుగుతోంది, మనుషులు ఎక్కడ దాటుతున్నారు, ఎక్కడ దెబ్బలు తగులుతున్నాయి అని రాసుకుని, అక్కడ ఏం మారిస్తే ప్రాణాలు నిలుస్తాయో గీసి ఇవ్వడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్లు దాటింది. కళ్లతో చూసిందే రాస్తాను, రాసినదాని కింద సంతకం పెడతాను. ఇది కూడా అలాగే రాస్తున్నాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీంచి మధురానగర్ లోపలికి తిరిగే చిన్న రోడ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని మూల అది. మూల మీద ఒక టైలర్ కొట్టు, ఎదురుగా జిరాక్స్ షాపు, వాటి పైన, వెనకాల అన్నీ ఆడపిల్లల హాస్టళ్లు. పంజాగుట్ట వైపు నుంచి వచ్చి, సిగ్నల్ తప్పించుకుని యూసుఫ్‌గూడ పోవాలనుకునేవాళ్లకి అదే అడ్డదారి. మెయిన్ రోడ్డు మీంచి ఎడమకి తిరిగేటప్పుడు బ్రేకు మీద కాలు వెయ్యడం మనవాళ్లకి నామోషీ కదా. మూలను ఒరుసుకుంటూ దూసుకొచ్చేవారు. సరిగ్గా అక్కడే కోచింగుకి వెళ్లే పిల్లలు, ఆఫీసులవాళ్లు అడ్డంగా దాటేవారు.

కాలనీ సంఘం వాళ్లు తిరగ్గా తిరగ్గా ఆ మూల బాగుచెయ్యడానికి అనుమతి వచ్చింది. సర్వే, డ్రాయింగు మా ఆఫీసుకి ఇచ్చారు. నేను కూడా మధురానగర్‌లోనే ఉంటాను కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

బళ్లు లెక్కపెట్టడానికి పైనుంచి చూస్తే మంచిది. టైలర్ రాజేశం గారు కొట్టు పైన కుట్టు గదిలో కిటికీ దగ్గర నాకు కుర్చీ వేశారు. ఆయనది సిరిసిల్ల. ఇంట్లో అందరూ మగ్గం మనుషులు, ఆయన మాత్రం కత్తెర పట్టుకుని హైదరాబాదు వచ్చేశారు. కొలత ఒకసారి తీసుకుంటే చాలు, కాగితం మీద రాసుకోరు. అంత గురి.

మొదటి రోజు ఆయన నాకు టీ ఇచ్చి, కిటికీలోంచి అవతలి గల్లీలో నీలం గేటు చూపించారు. అది వాళ్ల ఇల్లు. ఆయన భార్య భాగ్య గారు పూర్వం రోజూ కొట్టుకి వచ్చి కాజాలు, హుక్కులు, ఫాల్స్ పని చూసుకునేదట. రెండేళ్ల కిందట ఒక పొద్దున్న ఇంటి నుంచి వస్తుంటే మూల తిరుగుతున్న వ్యాను కొట్టింది. ఇంకో నాలుగడుగులు వేస్తే కొట్టు మెట్టు ఎక్కేదే. తుంటి ఎముక విరిగి రాడ్డు వేశారు. ఎముక అతికింది, నడక వచ్చింది. కానీ ఆ మూల దగ్గరికి మాత్రం ఆమె మళ్లీ రాలేదు. ఆస్పత్రికి వెళ్లాలన్నా వెనక గల్లీలోంచి ఆటోలో చుట్టూ తిరిగి వెళ్లేది. గుండీల పని ఇంట్లో కూర్చుని చేసేది. బట్టలు అటూ ఇటూ మోసేది రాజేశం గారే.

"మీరేం గీస్తరో నాకు తెల్వదు మేడం," అన్నారాయన. "మా భాగ్య ఒక్కతే నడుసుకుంట కొట్టుకు రావాలె. నాకు గంతే."

"వస్తారు. నాకు వదిలెయ్యండి," అన్నాను. నా పని మీద నాకు అంత ధీమా. ఇప్పటికీ ఉంది.

నా ఆలోచన చాలా మామూలుది. మూల దగ్గర ఫుట్‌పాత్‌ని నాలుగున్నర అడుగులు రోడ్డులోకి ముందుకు తేవాలి. అప్పుడు బండి వాలుగా దూసుకు రాలేదు, వేగం తగ్గించి మలుపు పూర్తిగా తిరగాలి. దాటేవాళ్లకి దాటాల్సిన దూరం కూడా తగ్గుతుంది. అయితే కాంక్రీటు పొయ్యడానికి ముందు కొన్ని రోజులు ఉత్తుత్తిగా కట్టి చూస్తాం. సున్నంతో గీత గీసి, దాని వెంబడి రోడ్డు పనుల దగ్గర కనిపించే నారింజ రంగు ప్లాస్టిక్ టోపీలు పెడతాం. బళ్లు ఎలా తిరుగుతున్నాయో చూసి అప్పుడు ఖాయం చేస్తాం.

టోపీలు పెట్టిన మర్నాడే మాయం. ఒకటి బిర్యానీ హోటలు ముందు కనిపించింది, వాళ్ల పార్కింగు కాచుకుంటూ. ఇంకోటి హాస్టలు గేటు దగ్గర. మిగతావి ఏ దేశం పోయాయో తెలియదు. సరే, ఇసక బస్తాలు వేయించాను. రెండు రోజుల్లో ఆ ఇసక ఎవరి బాత్రూమ్ రిపేరులోనో కలిసిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

రాజేశం గారు టేపు మెడలో వేసుకుని తీరిగ్గా నవ్వారు. "టోపీలు ఎత్కపోతరు, ఇసుక ఎత్కపోతరు. నిమ్మకాయలు ఎవ్వడన్న ముడ్తడా మేడం?"

ఆ మాట నాకు ఠక్కున పట్టేసింది. మన ఊళ్లో కూడలిలో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయలు కనిపిస్తే ఎంత మొనగాడైనా హ్యాండిల్ పక్కకి తిప్పుతాడు. పోలీసు చెయ్యి ఎత్తినా ఆగనివాడు నిమ్మకాయని చూసి ఆగుతాడు. పైసా ఖర్చు లేని రక్షణ, అదీ అందరూ ఒప్పుకున్నది! నేను నమ్మను కాబట్టి నాకేం పట్టింపూ లేదు.

మర్నాడు పొద్దున్నే, ఇంకా రద్దీ మొదలుకాకముందు, సున్నంలో పసుపు కలిపి ఎర్ర నీళ్లు చేశాను. సగం కోసిన బూడిద గుమ్మడికాయ, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు తెచ్చాను. నా డ్రాయింగులో ఫుట్‌పాత్ అంచు ఎక్కడికి రావాలో సరిగ్గా అక్కడ పెట్టబోతుంటే రాజేశం గారు ఆపారు. పేరు లేకుండా పెడితే అచ్చిరాదన్నారు. నా చేతిలోంచి నిమ్మకాయలు తీసుకుని, నీలం గేటు వైపు తిరిగి, భాగ్య పేరు చెప్పి మూడుసార్లు తిప్పి ఆయనే పెట్టారు. నేను నవ్వాను. ఆయన కూడా కొంచెం సిగ్గుపడుతూ నవ్వారు.

ఫలితం మాత్రం అద్భుతం. కార్లు, ఆటోలు, డెలివరీ బైకులు, అన్నీ ఆ చోటుని తప్పించుకుని నెమ్మదిగా, నేను గీసిన గీతలాగే తిరిగాయి. మూలను కోసుకుంటూ వచ్చిన బండి ఒక్కటి కూడా లేదు. నా డ్రాయింగు సరైనదేనని తేలిపోయింది. ఆ రోజు కిటికీ దగ్గర కూర్చుని నా భుజం నేనే చరుచుకున్నాను.

మూడో రోజు కాలనీ సంఘం అధ్యక్షులు సుబ్బారావు గారు పాల ప్యాకెట్లతో వస్తూ నన్ను పట్టుకున్నారు. పెద్దాయన, రిటైరయ్యారు, మా ఊళ్ల వైపు మనిషే.

"ఏంటమ్మా పద్మజా, నువ్వేనట కదా? చదువుకున్నదానివి, ఇదేం పని?"

"ఉత్తుత్తి దిష్టి అండీ. బళ్లు తప్పుకోవడానికి."

"దిష్టిలో ఉత్తుత్తిదీ నిజమైనదీ అని ఉంటుందా? తియ్యి ముందు. పిల్లలు తిరిగే చోటు."

నాకు కావలసిన సమాచారం ఎలాగూ వచ్చేసింది. ఆ మధ్యాహ్నం అన్నీ సంచిలోకి ఎత్తి, రాజేశం గారి బకెట్టుతో నీళ్లు పోసి, చీపురుతో మరక పోయేదాకా నేనే రుద్దాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా. ఆ రాత్రి వాన పడింది. పొద్దున్న చూస్తే రోడ్డు నల్లగా, శుభ్రంగా ఉంది.

నిమ్మకాయలు లేవు కాబట్టి బళ్లు మళ్లీ మూలను కోసుకుంటూ వస్తాయి. అలా రావాలి. దాన్ని రాసుకోవడానికే నేను ఆ రోజు కూర్చున్నాను.

ఒక్కటీ రాలేదు.

ముందు రోజుల్లాగే అన్నీ ఆ చోటు దగ్గరికి వచ్చి నెమ్మదించి, పక్కకి తిరిగి వెళ్లాయి. అలవాటు అయిపోయింది కాబోలు అనుకున్నాను. రోజూ వచ్చేవాళ్లే కదా, నిన్నటి గుమ్మడికాయ బుర్రలో ఉండి ఉంటుంది. రెండో రోజూ అంతే. కిందికి దిగి ఆ చోటంతా చెప్పులు విప్పి నడిచి చూశాను. గుంట లేదు, ఎత్తు లేదు, మరక లేదు, వాసన లేదు. గాజు ముక్క కూడా లేదు.

మూడో రోజు సోమవారం. హాస్టళ్లలోకి కొత్త బ్యాచ్ పిల్లలు దిగారు. అప్పుడే ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు, పెట్టెలు లాక్కుంటూ, ఫోన్లో మ్యాపు చూసుకుంటూ. ఆ మూలను వాళ్లు జన్మలో చూసి ఉండరు. వాళ్లు కూడా అక్కడికి వచ్చేసరికి రెండడుగులు పక్కకి వేసి చుట్టి వెళ్లారు. నేను కాగితం మీద వాళ్లు నడిచిన దారులు గీశాను. ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గీతలన్నీ ఒకే చోట వంగాయి. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది.

కొట్టు ముందున్న సీసీ కెమెరాలో చూశాను. అందులోనూ అంతే. ఖాళీ రోడ్డు, దాని చుట్టూ వంగి పోతున్న జనం.

ఆ మర్నాడు బొప్పాయి పళ్ల తోపుడు బండి ఆయన వచ్చాడు. బండిని ఆ చోటుకి మూరెడు దూరంలో ఆపాడు. కాసేపు ఆగాడు. తర్వాత ఖాళీ రోడ్డు వైపు చూసి, "జర జరుగమ్మా," అన్నాడు. ఇంకాస్త ఆగి, బండి పక్కకి తిప్పుకుని వెళ్లాడు.

నేను మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. పరిగెత్తి ఆయన్ని అందుకుని ఎవరిని జరగమన్నావని అడిగాను.

"గా అమ్మనే. ఎవలకోసమో సూస్తున్నట్టుంది, జరుగది," అని వెనక్కి తిరిగి చూశాడు. "ఏది? పోయినట్టుంది."

నాకు భయమేసింది. అబద్ధం ఎందుకు? కానీ ఇరవై ఏళ్ల అలవాటు ఊరుకోదు. ఆ రోజు, ఆ మర్నాడు, దాటి వచ్చినవాళ్లని ఆపి అడిగాను. సాక్షి నోట్లో మాట పెట్టకూడదు. అందుకని ఒక్కటే ప్రశ్న: ఇందాక అక్కడ పక్కకి ఎందుకు జరిగారు? కొంతమంది మేము జరగలేదే అన్నారు. కొంతమంది నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయారు. మిగతావాళ్లు చెప్పింది ఒకటే. ఒకావిడ నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర. చేతిలో గుడ్డ సంచి. రెండో చెయ్యి ముందుకి చాపి ఉంది.

ఎవరూ భయపడుతూ చెప్పలేదు. బస్టాపులో నిలబడ్డ మనిషి గురించి చెప్పినట్టు చెప్పారు. హాస్టలు పిల్ల ఒకమ్మాయి, రాజమండ్రి వైపు నుంచి వచ్చిందట, నాతో అంది: "పాపం ఆవిడకి రోడ్డు దాటాలంటే భయమనుకుంటానండీ. చెయ్యి పట్టుకుని దాటిద్దామనుకున్నాను. ఈలోపు అమ్మ ఫోన్ చేసింది."

ఆ సాయంత్రం పైగదిలో ఈ కాగితాలన్నీ రాజేశం గారికి చదివి వినిపించాను. వింతగా ఉంది కదా అని, అంతే. ఆయన మిషను తొక్కుతూ వింటున్నారు. ఆకుపచ్చ చీర అన్నచోట మిషను ఆగింది.

"అంచు ఏ రంగు చెప్పిండ్రు?"

ఇద్దరు పసుపు అంచు అన్నారని చూసి చెప్పాను.

ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టారు. తర్వాత చెప్పారు. వ్యాను కొట్టిన రోజు భాగ్య కట్టుకున్నది అదే. ఆ చీరకి ఫాల్ ఆయనే కుట్టారు. "ఆ చీర ఇప్పుడు లేదు మేడం. ఆస్పత్రిల కత్తిరించి తీసిండ్రు. ముక్కలు నా చేతికే ఇచ్చిండ్రు."

ఇక్కడ ఒక మాట స్పష్టంగా రాయాలి. భాగ్య గారు చనిపోలేదు. నిక్షేపంగా ఉంది. ఆ సమయానికి నీలం గేటు లోపల కూర్చుని ఎవరి జాకెట్టుకో హుక్కులు కుడుతోంది. చనిపోయినవాళ్ల గురించిన కథలంటే లేచిపోయేదాన్ని కదా నేను, మరి బతికున్న మనిషి గురించి ఏమనాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్న రద్దీ వేళకి కిటికీ దగ్గర నేను, రాజేశం గారు నిలబడ్డాం. నేను భాగ్య గారికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, నా జాకెట్టు హుక్కుల గురించి కావాలనే సాగదీశాను. ఆమె వెనక కుక్కర్ కూతలు వినిపిస్తున్నాయి. పప్పు పొంగుతోంది మేడం, జర ఆగుండ్రి అని వెళ్లి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే కింద స్కూలు ఆటో ఒకటి ఆ చోటు ముందు ఆగింది. చిన్నగా ఒకసారి హారన్ కొట్టింది. ఎవరూ జరగనట్టు, నెమ్మదిగా చుట్టూ తిరిగి వెళ్లింది.

నాకు ఏమీ కనిపించలేదు. రాజేశం గారికీ కనిపించలేదు. కళ్లు చికిలించి, కిటికీ ఊచలు పట్టుకుని వెతికారు పాపం. ఊరందరికీ కనిపిస్తున్న మనిషి మొగుడికి కనిపించలేదు. ఫోన్లో భాగ్య గారు హలో హలో అంటూనే ఉంది.

ఆ పై వారం గురువారం కాంక్రీటు. మేస్త్రీ, మనుషులు, సామాను అన్నీ వచ్చేశాయి. బుధవారం సాయంత్రం రాజేశం గారు నా ఇంటికి వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఆడ పొయ్యొద్దు మేడం."

"ఏం?"

"నా పెండ్లాం నిలవడ్డది ఆడ. ఆమె కాళ్ల మీద కాంక్రీట్ పోస్తరా?"

నాకు ముందు కోపమే వచ్చింది. ఇన్నేళ్లకి అనుమతి వచ్చింది, ఇప్పుడు ఆపితే మళ్లీ రాదు. రేపు ఇంకో భాగ్యని ఇంకో వ్యాను కొడుతుంది. ఆ మాటే అన్నాను. ఆయన బాధ వేరు. అనవసరంగా పేరు చెప్పి నిమ్మకాయలు తిప్పాను, నేనే పిలిచి ఆమెని అక్కడ నిలబెట్టాను అని తల కొట్టుకున్నారు. ఆమెకి ఏమన్నా అయితే ఎట్ల అని ఒకటే మాట. నేను ధైర్యం చెప్పి పంపించాను గానీ, రాత్రి నిద్ర పట్టలేదు. నా గీత మీద నాకు ఏనాడూ అనుమానం రాలేదు. ఆ రాత్రి వచ్చింది. ఏమో, నిజంగానే ఆమెకి ఏమన్నా అయితే?

అక్కడ నిలబడ్డది ఆమే అయితే ఆమెనే అక్కడికి తీసుకురావాలి అనుకుని, పొద్దున్నే లేచి నేరుగా నీలం గేటు దగ్గరికి వెళ్లాను. భాగ్య గారికి ఈ గొడవేదీ తెలియదు. మేమిద్దరం చెప్పకూడదనే అనుకున్నాం. నాకు ఒక పని సాయం కావాలని అడిగాను. అది అబద్ధం కాదు. వ్యాను ఎక్కడ కొట్టిందో సరిగ్గా ఆ చోటు నా కాగితాల్లో లేదు. దెబ్బ తిన్న మనిషిని మించి ఎవరు చూపిస్తారు?

"నాతోని కాదు మేడం," అంది.

బళ్లు ఆపేస్తామన్నాను. రెండు వైపులా తాడు కట్టిస్తానన్నాను. చెయ్యి పట్టుకుంటానన్నాను. ఆమె చేతిలో ఉన్న హుక్కు కుట్టడం పూర్తిచేసి దారం తెంపింది. తర్వాత లేచి చెప్పులు వేసుకుంది.

పదకొండు గంటలైంది. మంచి ఎండ. మేస్త్రీ మనుషులు తాళ్లు పట్టుకుని నిలబడ్డారు. తాడు అవతల బళ్లవాళ్లు హారన్లతో నన్ను తిడుతున్నారు. భాగ్య గారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, గోళ్లు దిగేలా పట్టుకుని, రోడ్డులోకి అడుగు పెట్టింది. సగం దాకా వణుకుతూనే వచ్చింది. ఆ చోటుకి నాలుగడుగుల దూరంలో వణుకు ఆగింది. నేను చూపించలేదు, చెప్పలేదు, నేల మీద గీత లేదు. తనంతట తనే వెళ్లి, గుమ్మంలో విడిచిన చెప్పుల్లోకి కాళ్లు దూర్చినట్టుగా, సరిగ్గా ఆ ఖాళీలో నిలబడింది.

"ఈడనే," అంది.

ఒక నిమిషం ఉంది, అంతకన్నా ఎక్కువ లేదు. నా కళ్లకి ఏమీ కనిపించలేదు, చెవులకి ఏమీ వినిపించలేదు. కనిపించినట్టు రాస్తే బాగుంటుంది గానీ, రాయను. ఆమె గట్టిగా ఊపిరి వదిలి, నా చెయ్యి తీసేసింది. మిగిలిన నాలుగడుగులు తనే నడిచి కొట్టు మెట్టు ఎక్కింది. రాజేశం గారు కత్తెర పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయారు. ఆమె ఆయన్ని పక్కకి జరిపి లోపలికి వెళ్లి, "ఎంత దుమ్ము పట్టిచ్చినవయ్యా," అనడం వినిపించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనక బళ్లు ఆగిపోయాయి కాబట్టి కాసేపు తాళ్లు వదలమన్నాను. వదిలిన మరుక్షణం ఒక బైకు మూలను కోసుకుంటూ, సరిగ్గా ఆ చోటు మీంచి దూసుకుపోయింది. దాని వెనక ఆటో. దాని వెనక కారు. ఇన్ని రోజుల్లో అక్కడ చక్రం పడడం అదే మొదటిసారి. దాటబోతున్న ఇద్దరు పిల్లలు కెవ్వుమని వెనక్కి గెంతారు.

నేను ఇంకేం ఆలోచించలేదు. వెళ్లి ఆ చోటులో నిలబడి చెయ్యి చాపాను. ఇప్పుడే మొదలుపెట్టమని మేస్త్రీని కేకలు వేశాను. వాళ్లు చుట్టూ చెక్కలు బిగించేదాకా అక్కడి నుంచి కదల్లేదు. బళ్లవాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. పక్కకి మాత్రం తిరిగారు.

మధ్యాహ్నం మూడింటికల్లా కాంక్రీటు పొయ్యడం అయిపోయింది. ఆ మూల ఇప్పుడు ముందుకి వచ్చి, ఎత్తుగా, అంచుకి పసుపు నలుపు పట్టీలతో ఉంది. వెళ్లి చూడండి. బ్రేకు తొక్కకుండా ఎవడూ తిరగలేడు. భాగ్య గారు రోజూ ఒక్కతే వస్తుంది, వెళ్తుంది. నా పని మీద నాకు ఏ అనుమానమూ లేదు. మిగతాదంతా ఏమిటని అడిగితే మాత్రం, సాక్షులు చెప్పిన మాటలు, గీసిన దారులు, తేదీలు అన్నీ నా దగ్గర ఉన్నాయి, జవాబు లేదు. జనం అలవాటు అంటారా, కొత్త పిల్లలకి ఏం అలవాటు? నిమ్మకాయల మహిమ అంటారా, అది నా నోట రాదు.

ఆ రోజు కాంక్రీటు అయ్యాక టీ తాగుదామని కొట్టులోకి వెళ్లాను. భాగ్య గారు స్టూలు మీద కూర్చుని పాదాలు రుద్దుకుంటోంది. ఇంత దూరం నడిచి చాలా రోజులైంది కదా, నొప్పి ఉంటుంది అన్నాను.

"నడుసుడుతోని కాదు మేడం," అంది. "ఇంట్ల కూసొనే పని చేస్తున్న గద, పది పన్నెండు దినాల సంది పొద్దుగూకేసరికి కాళ్లు మస్తు గుంజుతున్నయి. పొద్దంత ఏడ్నో నిలవడి వచ్చినట్టు. ఈయన ఫికర్ చేస్తడని చెప్పలే."

నేను రాజేశం గారి వైపు చూశాను. ఆయన కత్తెర బల్ల మీద పెట్టారు. కొట్టులో ఇద్దరు గిరాకీలు ఉన్నారు, కొలతలు ఇవ్వడానికి వచ్చి. ఆయన వాళ్ల ముందే నేల మీద కూర్చుని, ఆమె పాదాలు రెండూ ఒళ్లోకి తీసుకుని పిసకడం మొదలుపెట్టారు.

"అందరు సూస్తున్నరు, లే," అని ఆమె సిగ్గుతో కాళ్లు లాక్కోబోయింది. ఆయన వదల్లేదు, తల ఎత్తలేదు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

నేను టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేశాను. ఆమెకి మేం ఆ రోజు ఏమీ చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు.